ఒప్పు, ఒప్పుకోలు: ట్రోలోప్ నవల ఒకటి మళ్లీ చదివాక

ఆంథొనీ ట్రోలోప్ రాసిన ‘హీ న్యూ హీ వాజ్ రైట్’ నవల మొదటిసారి చదివినప్పుడు నాకు భార్య మీద కోపం వచ్చింది. 99 అధ్యాయాల పుస్తకం. మొదటి పది అధ్యాయాల్లో ఎక్కడో ఒకచోట ఈవిడ “సరే, నాదే పొరపాటు” అనేస్తే మిగతా ఎనభై తొంభై అధ్యాయాలు రాయాల్సిన పనే ఉండేది కాదనిపించింది. నాతోపాటు చదివిన ఇద్దరు స్నేహితులదీ అదే మాట. ఒక్క సారీతో పోయేదాన్ని ఇంతదాకా లాక్కొచ్చుకుంది అన్నారు. నేనూ తల ఊపాను.

ఈ మధ్య మళ్లీ చదివాను. ఈసారి ఆ ‘ఒక్క సారీ’ దగ్గరే ఆగిపోయాను.

నవల 1868 అక్టోబరు నుంచి 1869 మే దాకా వారం వారం విడి భాగాలుగా వచ్చింది. కథ మొదలయ్యేది చాలా చిన్న విషయంతో. లూయీ ట్రెవెల్యన్ డబ్బున్నవాడు, చదువుకున్నవాడు, అందగాడు. ఏడాదికి 3,000 పౌన్ల ఆదాయం. మాండరిన్ దీవులనే (ఇవి ట్రోలోప్ కల్పించినవి) ఒక వలస ప్రాంతానికి వెళ్లి, అక్కడి గవర్నరు ఎనిమిదిమంది కూతుళ్లలో పెద్దదైన ఎమిలీని ప్రేమించి, కట్నం ఆశించకుండా పెళ్లి చేసుకుంటాడు. మరదలు నోరాని కూడా లండన్‌లో తన ఇంట్లోనే ఉంచుకుంటాడు. మొదటి అధ్యాయంలోనే పిల్ల తల్లిదండ్రుల మధ్య ఒక మాట నడుస్తుంది. అల్లుడికి తన మాట నెగ్గాలి. అది సరే, మరి మన అమ్మాయికీ అంతేగా? నవలంతా ఆ మాటలోనే ఉంది.

ఇంటికి కల్నల్ ఆస్బర్న్ అనే ఆయన వస్తూ పోతూ ఉంటాడు. యాభై దాటిన బ్రహ్మచారి, పార్లమెంటు సభ్యుడు, ఎమిలీ తండ్రికి పాత స్నేహితుడు. ఆమెని పసిపిల్లగా ఎరిగినవాడు. పెళ్లైన ఆడవాళ్లతో చనువుగా మెలగడం, దాని గురించి నలుగురూ చెవులు కొరుక్కోవడం ఆయనకు సరదా. ట్రెవెల్యన్‌కి ఇది నచ్చదు. ఆయన్ని రానివ్వొద్దంటాడు. ఎమిలీ ఎదురు తిరిగి ‘వస్తాడు, ఏం చేస్తావో చెయ్యి’ అనదు. వద్దంటే మానేస్తాను, కానీ అలా అనడం నన్ను అవమానించడమే, అది మాత్రం నేను మరిచిపోను అంటుంది. ఆజ్ఞ ఇవ్వదలిస్తే స్పష్టంగా ఇవ్వమంటుంది. అతనికి అంత ధైర్యం చాలదు. ఒకసారి వద్దంటాడు, మరోసారి సరే రానివ్వు అంటాడు, రానిస్తే మళ్లీ కుమిలిపోతాడు.

ఇక్కడే నేను మొదటిసారి పొరబడ్డాను. ఇది ఈర్ష్య కథ అనుకున్నాను. అందరూ అలాగే చెబుతారు. అపార్థం, అనుమానం, పిచ్చి, చావు. విక్టోరియన్ డ్రాయింగ్ రూములో ఒక ఒథెల్లో. కానీ ఒథెల్లోకి ఇయాగో ఉన్నాడు. ట్రెవెల్యన్ చెవిలో విషం పోసేవాడు ఎవడూ లేడు. అందుకని అతనే డబ్బిచ్చి ఒకణ్ణి పెట్టుకుంటాడు. బోజిల్ అనే మాజీ పోలీసు. వీధి చివర కాపు కాసి, రైళ్ల వేళలు రాసుకుని, ఎవరు ఎక్కడికి వెళ్లారో రిపోర్టులు పంపిస్తుంటాడు. ఆ రిపోర్టుల్లో ఉన్నది ఏమీ లేదు. కల్నల్ డెవన్‌లో ఏదో పాత చర్చి చూసే నెపంతో వెళ్లాడు, ఎమిలీ ఉంటున్న ఇంటికి వచ్చాడు, కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు. ఇంతే. ఈ ‘ఇంతే’ని పట్టుకుని ట్రెవెల్యన్ తిండీ నిద్రా మానేస్తాడు.

పెళ్లాన్ని అనుమానించేవాణ్ణి మనవాళ్లు ‘అనుమానం మొగుడు’ అంటారు. ట్రెవెల్యన్‌కి ఆ మాట కూడా పూర్తిగా సరిపోదు. ఎందుకంటే చాలా కాలం దాకా అతనికి అసలు అనుమానమే లేదు. భార్య తప్పు చేసిందని తాను నమ్మడం లేదని అతనే చెబుతుంటాడు, లోపల కూడా అలాగే అనుకుంటుంటాడు. మరి అతనికి కావాల్సింది ఏమిటి? కల్నల్ రాకపోవడం అయితే అది ఆమె ఇస్తానంటోంది. మాట వినడం అయితే అదీ ఇస్తానంటోంది. వీటిలో ఏదీ అతనికి చాలదు. తాను చెప్పింది న్యాయమేనని, తనకు అలా అనిపించడంలో తప్పు లేదని, తప్పంతా తనదేనని ఆమె నోటితో ఆమె అనాలి.

ఈ నవల పేరుని తెలుగులో చెప్పాలని ప్రయత్నిస్తుంటే నాకొక సంగతి తట్టింది. ‘తనదే ఒప్పని అతనికి తెలుసు’ అనొచ్చు. మన భాషలో ఒప్పు అంటే సరైనది. ఆ మాటలోంచే ఒప్పుకోవడం వచ్చింది. తప్పు ఒప్పుకో అంటాం. ఒకరు తప్పుని ఒప్పుకుంటే తప్ప ఇంకొకరిది ఒప్పు కాదు అన్నట్టుగా ఉంటుంది ఆ వాడుక. ట్రెవెల్యన్ రోగం సరిగ్గా ఇదే. తన ఒప్పు తన దగ్గరే ఉంటే అతనికి నిలవదు. ఆమె ఒప్పుకోలు వచ్చి చేరితేనే అది పూర్తవుతుంది. పేరులో ‘తెలుసు’ అన్న మాట ఉంది గానీ నిజంగా తెలిసినవాడు అవతలి మనిషి సంతకం కోసం ఇంగ్లండు నుంచి ఇటలీ దాకా తిరగడు.

ఎమిలీ స్వాతంత్ర్యం కూడా ఇక్కడే ఉందని ఈసారి అర్థమైంది. ఇబ్సెన్ నోరాలా తలుపు వేసుకుని వెళ్లిపోవడం ఆమెకు తెలియదు. ఆ నాటకం ఇంకా పదేళ్లకు గాని, 1879లో గాని రాదు. ఎమిలీకి భర్తతోనే ఉండాలని ఉంది. అతన్ని గౌరవించాలనే ఉంది. చెప్పినట్టు చేయడానికి కూడా పెద్దగా అభ్యంతరం లేదు. ఆమె ఇవ్వనిది ఒక్కటే, తన గురించి తనకు తెలిసిన నిజం. నేను ఏం చేశానో, ఏం చేయలేదో నాకు తెలుసు. నీ మనశ్శాంతి కోసం దాన్ని మార్చి చెప్పను, అంటుంది. ఎంత చిన్న స్వాతంత్ర్యం! అగ్గిపెట్టెలో పట్టేంత. అదొక్కటీ ఇవ్వనందుకు ఆమె ఇల్లు పోతుంది, డబ్బు పోతుంది, చివరికి పిల్లాడు పోతాడు.

దీనికి ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఇద్దరిదీ పట్టుదలే కదా? ట్రోలోప్ కూడా చాలాచోట్ల తరాజు పట్టుకుని కూర్చున్నట్టే రాస్తాడు. ఇతను కాస్త తగ్గాల్సింది, ఈమె కాస్త మెత్తబడాల్సింది. కానీ కథలో జరిగేవి చూడండి. అతను పట్టుబడితే కర్జన్ స్ట్రీట్‌లో ఇల్లు ఎత్తేస్తారు. భార్యని, మరదలిని, బిడ్డని డెవన్‌లో ఒక పల్లెటూరికి పంపిస్తారు. మళ్లీ పట్టుబడితే అక్కణ్ణుంచి లండన్ తూర్పు పేటలో ఉన్న బంధువు, ఒక మతగురువు ఇంటికి వాళ్ల మకాం మారుతుంది. మరోసారి పట్టుబడితే బోజిల్ సాయంతో నడివీధిలో బండి ఆపి పిల్లాణ్ణి ఎత్తుకుపోతాడు. ఆమె పట్టుబడితే ఏం జరుగుతుంది? ఏమీ జరగదు. పట్టుదలలు రెండూ సమానమే అనుకుందాం. ఒక పట్టుదల వెనక మాత్రం చట్టం నిలబడి ఉంది.

ఆ చట్టం గురించి రెండు మాటలు చెప్పాలి. అప్పటి ఇంగ్లండులో పిల్లలు తండ్రి సొత్తు లాంటివాళ్లు. దీన్ని కాస్తయినా కదిల్చింది కరొలిన్ నార్టన్ అనే రచయిత్రి. 1836లో ఆమె భర్త, ప్రధానమంత్రి లార్డ్ మెల్బోర్న్ మీద కేసు వేశాడు, నా భార్యతో సంబంధం పెట్టుకున్నాడని. అలాంటి కేసు ఇద్దరు మగవాళ్ల మధ్య నడిచేది. ఎవరి గురించి కేసో ఆ మనిషికి కోర్టులో నోరు విప్పే హక్కు లేదు. భర్త ఓడిపోయాడు. మెల్బోర్న్ పదవికి ఢోకా రాలేదు. కరొలిన్ ముగ్గురు కొడుకులు మాత్రం భర్త దగ్గరే ఉండిపోయారు. ఆమె రాసి రాసి, పోరాడి పోరాడి తెచ్చిన చట్టం 1839లో వచ్చింది. ఏడేళ్లలోపు పిల్లల కోసం తల్లి కోర్టుని అడుక్కోవచ్చు, ఆమె మీద వ్యభిచార నేరం రుజువు కాకుంటే. 1857 విడాకుల చట్టం వచ్చాక కూడా భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటీ చాలు. భార్యకు మాత్రం భర్త వ్యభిచారంతోపాటు క్రూరత్వమో, వదిలేసి పోవడమో, ఇంకేదో చూపించాలి. ఎమిలీ భర్త క్రూరుడని ఏ కోర్టులో రుజువు చేస్తుంది? అతను కొట్టలేదు, తిట్టలేదు. వేరే ఇల్లు చూసి, ఖర్చులకు డబ్బు పంపుతానంటున్నాడు. చూసేవాళ్లకు చాలా మంచివాడు.

1857లో ఇంగ్లండు ఆ పాత తరహా కేసుని రద్దు చేసింది. కానీ దాని దూరపు చుట్టం ఒకటి మన దేశం వచ్చి స్థిరపడింది. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో సెక్షన్ 497. పరాయివాడి భార్యతో, ఆ భర్త అనుమతి లేకుండా సంబంధం పెట్టుకుంటే మగవాడికి శిక్ష. ఫిర్యాదు చేయాల్సింది భర్త. భార్య ఆ నేరంలో ముద్దాయీ కాదు, బాధితురాలూ కాదు. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది 2018లో. కరొలిన్ నార్టన్ నోరు కట్టేసిన ఆ ఆలోచన మన దగ్గర నూట యాభై ఏళ్లకు పైగా చట్టంగా బతికింది. కాబట్టి ట్రెవెల్యన్ మనకు మరీ పరాయివాడేం కాదు.

ఇప్పుడు ఆ సారీ సంగతి.

మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క. పెళ్లైన మూడో ఏడు. పాత కొలీగ్ ఒకతను పుట్టినరోజుకి పంపిన మెసేజీ గురించి ఇంట్లో గొడవైంది. ఆవిడ నాకు ఫోన్ చేస్తే నేను గొప్పగా సలహా ఇచ్చాను. అప్పటికి ఈ నవల చదివి ఉన్నాను కూడా. “అక్కా, ఒక్క సారీ చెప్పేయ్, పోతుంది. వాదన ఎందుకు?” చెప్పింది. ఆ రాత్రికి పోయింది. ఆ తర్వాత ఏ గొడవ వచ్చినా, కూరలో ఉప్పు గురించైనా, పుట్టింటికి వెళ్లడం గురించైనా, చివరికి అక్కడికే వచ్చి ఆగేది. “ఆ రోజు నువ్వే ఒప్పుకున్నావుగా?” నేను ఇప్పించిన సారీ ఆమె మీద సాక్ష్యంగా మిగిలిపోయింది. జరగని తప్పుకి ఒప్పుకోలు ఒకటి దొరికాక, ఇక తప్పు జరిగిందో లేదో ఎవరికీ అక్కర్లేదు.

నవల ఆఖరి భాగం ఈసారి నన్ను పట్టుకుని ఊపేసింది ఇందుకే. ట్రెవెల్యన్ పిల్లాణ్ణి తీసుకుని ఇటలీ పోతాడు. సియెనా దగ్గర కాసలుంగా అనే పాడుబడ్డ ఇంట్లో, పిచ్చికీ తెలివికీ మధ్య రోజులు గడుపుతుంటాడు. పిల్లాడు ఆటలు మర్చిపోయి, ఎప్పుడూ బిక్కమొహం వేసుకుని ఉంటాడు. పిల్లాణ్ణి చివరికి తల్లికి ఇచ్చేస్తాడు గానీ తను మాత్రం అక్కడే కృశించిపోతుంటాడు. అప్పుడు ఎమిలీ అతని దగ్గరికి వెళ్తుంది. బతికి ఉండగా అతన్ని ఇంగ్లండు చేర్చాలి. దానికి దారి ఒక్కటే. ఇన్నాళ్లూ ఇవ్వనిది ఇచ్చేస్తుంది. తప్పు తనదేనన్నట్టు తల వంచుతుంది. జబ్బు మనిషి కోసం, జాలితో ఆడిన అబద్ధం అది. అతను దాన్ని జాలిగా తీసుకోడు. గెలుపుగా తీసుకుంటాడు. సరిగ్గా అక్కడ నేను పుస్తకం మూసి అక్కకి ఫోన్ చేద్దామనుకున్నాను, చేయలేకపోయాను.

ఆ తర్వాత వచ్చే దృశ్యం విక్టోరియన్ నవలల్లో నేను చదివినవాటిలోకెల్లా కఠినమైనది. ట్రెవెల్యన్ లండన్ శివార్లలో చావుకి దగ్గరగా ఉన్నాడు. మాట రావడం లేదు. ఎమిలీ తన చేతిని అతని పెదాల దగ్గర పెట్టి, నేను తప్పు చేయలేదని నమ్మితే ముద్దుపెట్టు అని అడుగుతుంది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత పెదాలు ఏదో కదిలినట్టు అనిపిస్తుంది. ఆమెకు అది చాలు. ఆఖరికి నన్ను నమ్మానని చెప్పాడు అని తర్వాత అడిగినవాళ్లకి చెబుతుంది. ఆ కదలిక ముద్దో, చావుబతుకుల్లో ఉన్నవాడి వణుకో ట్రోలోప్ తేల్చి చెప్పడు.

మొదటిసారి దీన్ని కరుణ అనుకున్నాను. ఇప్పుడు భయం వేస్తోంది. తన గురించి తనకు తెలిసిన నిజాన్ని ఇన్నాళ్లు పట్టుకున్న మనిషి, ఒక్కసారి అబద్ధపు ఒప్పుకోలు ఇచ్చాక, దాన్ని వెనక్కి తీసుకోవడానికి తిరిగి అతని దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది. తీర్పు రాసినవాడే కొట్టేయాలి. అతను మతి చెడినవాడని ఆమెకు తెలుసు, డాక్టరుకి తెలుసు, మనకూ తెలుసు. అయినా అతని పెదాల కదలికకున్న విలువ ఆమె మాటకు లేదు, ఆమె కళ్లలో కూడా.

ట్రోలోప్‌కి ఈ సంగతి ఎంతవరకు తెలుసు? ఆయన చనిపోయాక 1883లో వచ్చిన ఆత్మకథలో ఈ నవలని ఒక వైఫల్యంగా చెప్పుకున్నాడు. ట్రెవెల్యన్ మీద పాఠకుడికి సానుభూతి కలిగించాలనుకున్నాననీ, అది కుదరలేదనీ అంటాడు. ఇతరుల అభిప్రాయానికి తలొగ్గలేకపోవడమే ఆ మనిషి పతనానికి కారణమట. తలొగ్గకపోవడం అనే నేరం నవల పొడుగునా ఎమిలీ మీద మోపి, బయటికి వచ్చాక మొగుడి మీద రాశాడన్నమాట. నా మటుకు ఆ వైఫల్యమే పుస్తకాన్ని కాపాడింది. రచయిత తరాజు ఒకవైపు వంచాలని చూశాడు, కథ అందుకు ఒప్పుకోలేదు.

పరిమితులు లేవని కాదు. వాలేకియా పెట్రీ అని ఒక అమెరికన్ స్త్రీవాద కవయిత్రి ఉంటుంది నవలలో. ఆమెని నవ్వుల పాలు చేయడానికి ట్రోలోప్ పేజీలకు పేజీలు ఖర్చు పెడతాడు. మిల్ ‘స్త్రీల పరాధీనత’ గురించి రాసిన పుస్తకం ఇదే 1869లో వచ్చింది. ఆ వాదన వినడానికి ట్రోలోప్‌కి ఓపిక లేదు. ఆ వాదనకు కావాల్సిన సాక్ష్యం మాత్రం ఆయనే వందల పేజీల్లో పోగేసి పెట్టాడు. డబ్బు మనిషి బోజిల్ కూడా పిల్లాణ్ణి తల్లి నుంచి విడదీసే పని చేసి ఇంటికి వస్తే, అతని భార్యే తప్పుపడుతుంది. ప్రిసిల్లా స్టాన్‌బరీ పెళ్లి జోలికి పోనని ముందే తేల్చుకుంటుంది. దానికి ఆమె చెల్లించేది జీవితాంతం పేదరికం. నోరా లార్డు కాబోయేవాణ్ణి కాదని, పత్రికలో రాసుకుని బతికే పేదవాణ్ణి చేసుకుంటుంది. అక్క కాపురం కళ్లారా చూసి కూడా! చదువుతుంటే సంతోషమూ వేస్తుంది, గుబులూ వేస్తుంది.

ఈ పుస్తకం తర్వాత వెంటనే ‘మిడిల్‌మార్చ్’ (1871–72) తీస్తే కసాబన్ వేరేగా కనిపిస్తాడు. బంధువైన లాడిస్లా మీద అతనికి ఈర్ష్య. చచ్చిపోయే ముందు డొరొతియాని ఒక మాట అడుగుతాడు: నేను పోయాక నా కోరిక ప్రకారం నడుచుకుంటానని మాటివ్వు. ఏ కోరికో చెప్పడు. తెల్ల కాగితం మీద సంతకం అన్నమాట. ఆమె రాత్రంతా నలిగిపోయి, ఒప్పుకుందామని మర్నాడు తోటలోకి వెళ్తుంది. అప్పటికే అతను పోయి ఉంటాడు. జార్జ్ ఎలియట్ ఆమె మీద దయ చూపించింది. లాడిస్లాని చేసుకుంటే ఆస్తి పోతుందని విల్లులో అతను రాసిన షరతు ఆస్తినే కట్టేయగలిగింది, ఆమె మాటని కాదు. ఎమిలీకి ఆ కొద్ది నిమిషాల అదృష్టం కూడా దక్కలేదు.

అక్కకి చివరికి ఫోన్ చేశాను. ఇంగ్లీషు నవలలు ఆవిడ చదవదు. కథంతా చెప్పాను, ఓ గంట పట్టింది. నా పాత సలహా గురించి కూడా చెబుదామనుకున్నాను గానీ ఆవిడే మధ్యలో, “నువ్వూ నాకు అదే చెప్పావుగా అప్పుడు” అంది, మామూలుగా. నేను అవునన్నాను. కాసేపాగి అడిగింది.

“ఇంతకీ ముద్దు పెట్టాడా, లేదా?”

“తెలీదు. రచయిత చెప్పలేదు.”

“పెట్టాడనే చెప్పుకుంటది. లేకపోతే ఎట్టా బతుకుద్ది?” అంది అక్క. తర్వాత కుక్కర్ విజిల్ వస్తోందని ఫోన్ పెట్టేసింది.